నక్షత్రలోకంలో పాత స్వరాలు

1977లో వెలువడిన ‘స్టార్ వార్స్’ చిత్రానికి జాన్ విలియమ్స్ కూర్చిన సంగీతంలో స్వతంత్రత లేదనే ఆక్షేపణ ఒకటి ఉన్నది. అందులో హోల్స్ట్, కోర్న్‌గోల్డ్‌ల ఛాయలు ఉన్న మాట నిజమే. పాత్రకొక స్వరబంధాన్ని నియమించే పద్ధతి సైతం వాగ్నర్ సంగీతనాటకాలలో ప్రసిద్ధమైనదే. అయితే కల్పితలోకానికి వింత ధ్వనులే కావలెనా? కంటికి సర్వమూ అపరిచితమైన చోట, లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా వాయించిన ఆ పరిచిత ఫణితియే శ్రోత హృదయానికి దారి చూపినది.

అనుకరణతోనే ఆగిపోయినచో ఆక్షేపణ నిలిచెడిది. 1980 నాటి రెండవ చిత్రంలో, సామ్రాజ్యపక్షపు క్రూరనాయకుడైన డార్త్ వేడర్‌కు విలియమ్స్ ఒక కవాతు బాణీ కూర్చినాడు. ఇత్తడి వాద్యాలపై అది రౌద్రం మూర్తీభవించినట్లు మ్రోగుతుంది. 1983 నాటి మూడవ చిత్రంలో, కుమారుని రక్షించి వేడర్ మరణించే వేళ, అదే బాణీ సన్నగిల్లి చివరకు హార్ప్ తంత్రులపై మిగులుతుంది. స్వరక్రమం అదే, వాద్యం మారినది, గతి మందగించినది. ఆ మార్పుతోనే రౌద్రం కరుణగా పరిణమించినది. క్రూరునిలో ఇంతకాలం దాగియున్న తండ్రి ఆ కొద్ది స్వరాలలో వినవస్తాడు.

పద్ధతి ఎరువు తెచ్చుకున్నదే కావచ్చును. దానితో పలికించిన కరుణ విలియమ్స్ స్వార్జితం.