ఆలుమగల మధ్య అగ్ని

బైబిల్లోని మండుతున్నా కాలిపోని పొద కథ కాకినాడకు కొత్త కాదు. 1874లో కెనడియన్ బాప్టిస్టు మిషన్ ఇక్కడ అడుగుపెట్టినప్పటి నుంచీ నిర్గమకాండం ఈ ఊరి ప్రార్థనల్లో వినపడుతూనే ఉంది. ఆ పొదలోని మంటకు హీబ్రూ మూలంలో ఉన్న మాట ‘ఎష్’. అలెఫ్, షిన్ అనే రెండే అక్షరాలు. వాటి చుట్టూ యూదు గురువులు చేసిన ఆలోచనల్లో నా మనసుకు పట్టింది మాత్రం పెళ్లి గురించి చెప్పింది.

హీబ్రూలో మగవాడు ‘ఈష్’, స్త్రీ ‘ఇష్షా’. ‘ఎష్’కి అదనంగా మొదటి మాటలో యోద్, రెండో మాటలో హే అనే అక్షరాలున్నాయి. ఆ రెండూ కలిస్తే ‘యాహ్’, దేవుడి పేరు. ఆలుమగలు యోగ్యులైతే దైవం వాళ్ల మధ్యే ఉంటుందనీ, కాకపోతే అగ్ని వాళ్లను దహిస్తుందనీ రెండో శతాబ్దపు రబ్బీ అకీవా అన్నట్టు తల్మూద్‌లోని సోటా భాగం చెబుతుంది. ఈ అక్షరాల లెక్కను పదకొండో శతాబ్దంలో వ్యాఖ్యాత రాషీ విడమరిచాడు. దేవుడి అక్షరాలు తీసేస్తే ఇద్దరి దగ్గరా మిగిలేది నిప్పే.

ఆలుమగల మధ్య అగ్ని అనే మాట మా పక్కనే అక్షరాలా కనిపిస్తుంది. యానాం దగ్గర గోదావరి పాయ గౌతమి దాటితే కోనసీమ. 2022లో వేరే జిల్లా అయ్యేదాకా దానికీ కాకినాడే కేంద్రం. అక్కడి అగ్రహారాల్లో యజుర్వేదంలోని తైత్తిరీయ శాఖ చదివిన కొన్ని కుటుంబాలు వేదయాగాలకు వాడే శ్రౌతాగ్నులను ఇంట్లోనే నిలుపుకుంటూ వచ్చాయి. అలా అగ్నిని స్థాపించినాయన ఆహితాగ్ని. సోమయాగం చేస్తే సోమయాజి, ఆయన భార్య సోమిదేవమ్మ. భార్య లేనిదే ఆధానం, అంటే అగ్నిని స్థాపించడం, లేదు.

నిప్పు పుట్టించడానికి అగ్గిపెట్టె పనికిరాదు. జమ్మిలో మొలిచిన రావి కొయ్యతో చేసిన అరణులు కావాలి. కింది అరణిని నేల మీద అదిమిపెడతారు. పై అరణి నుంచి తీసిన ముక్కను కవ్వం లాంటి కొయ్యకు బిగించి, ఒకరు పైనుంచి నొక్కిపడితే, మరొకరు తాడు చుట్టి ఇటూ అటూ లాగుతారు. ఆ తాడు మీద భార్య చెయ్యీ పడుతుంది. కింది అరణిలోని గుంటలోంచి ముందు పొగ వస్తుంది, నల్లటి పొడి రాలుతుంది, ఆ పొడిలో ఓ ఎర్రటి చుక్క కనిపిస్తుంది. వెంటనే దాన్ని ఎండు పీచులోకి తీసుకుని ఊదాలి. వానాకాలం గోదావరి గాలిలో కొయ్య చెమ్మగిల్లితే ఈ పని ఎంత కష్టమో ఊహించుకోవచ్చు.

ఇలా పుట్టిన నిప్పును ఉంచే మూడు గుండాల్లో గార్హపత్యం గుండ్రం, ఆహవనీయం చతురస్రం, దక్షిణాగ్ని అర్ధచంద్రం. సాయంత్రం, ఉదయం పాలతో అగ్నిహోత్రం. ఊరు వెళ్లాల్సి వస్తే అరణులను నిప్పుకు కాచి, అగ్నిని వాటిలోకి ఎక్కించుకుని వెంట తీసుకెళతారు. వెళ్లిన చోట మళ్లీ మథిస్తారు. దంపతుల్లో ముందు పోయినవారికి ఆ అగ్నులతోనే, హోమపాత్రలతో సహా దహనం జరుగుతుంది. వెనక మిగిలినవారికి ఇక ఆ అగ్ని ఉండదు. ఒంటరివాడి ఇంట్లో శ్రౌతాగ్ని నిలవదన్న ఈ నియమంలోనే సంప్రదాయం లోతంతా ఉందని నాకు అనిపిస్తుంది. వేదం వచ్చింది మగవాడికే అయినా, అగ్ని మీద హక్కు ఇద్దరిదీ.

యూదుల సంగతికి తిరిగి వస్తే, లేవీయకాండం కూడా బలిపీఠం మీద నిప్పు ఆరకూడదంది. యెరూషలేము ఆలయం క్రీ.శ. 70లో కూలాక ఆ పీఠమే లేదు. కానీ శుక్రవారం పొద్దుగూకక ముందే ఇల్లాలు దీపాలు వెలిగించడం యూదు ఇళ్లలో నిలిచింది. విశ్రాంతి దినాన నిప్పు రాజేయకూడదు గనుక ముందే వెలిగించాలి. గుంటూరు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిం అనే తెలుగు యూదులు కూడా సబ్బాతును పాటిస్తున్నారు.

కోనసీమ ఆహితాగ్నుల జీవితాలను అమెరికన్ పండితుడు డేవిడ్ నైప్ ఏళ్ల తరబడి వాళ్లతో మాట్లాడి, 2015లో ‘వేదిక్ వాయిసెస్’ అనే పుస్తకంగా తెచ్చాడు. పిల్లలు ఉద్యోగాలకు తరలిపోతున్న కాలంలో ఇలాంటి పని తెలుగులో ఇంకా విరివిగా జరగాలి. ముఖ్యంగా సోమిదేవమ్మల నోట వినాల్సినవి ఉన్నాయి: తెల్లవారకముందే లేచి నిప్పు చూసుకున్న తీరు, పిడకలు సిద్ధం చేసుకున్న పద్ధతి, ఆ నియమాల మధ్య పిల్లల్ని పెంచిన కష్టం.