అతుకు కనిపించని కీలు

మోకాటి యెముకల కొనలపై లేతకొబ్బరివలె తెల్లగా, నున్నగా పరచుకొని యుండు మృదులాస్థి కొలది మిల్లీమీటర్ల మందమే యైనను, దాని కూర్పు నెరిగినవానికి విస్మయము కలుగక మానదు. పైపొరలోని కొల్లాజన్ పోగులు ఉపరితలమునకు సమాంతరముగా పడుకొనును. నడిమిపొరలో ఎటుబడిన నటు అల్లుకొనును. అడుగున నిలువుగా దిగి, సున్నము పట్టిన పొరలో వేళ్లూనుకొనును. ఆ పొర తన క్రింది యెముకను ఎగుడుదిగుడు అంచుతో కరచి పట్టుకొనును. ఇంత చక్కని వస్తువునకు రక్తనాళము లేదు. కావుననే ఒకమారు చెడిన మరల బాగుపడదు; బాగుపడదను మాటను శరీరశాస్త్రజ్ఞుడు విలియం హంటర్ 1743లోనే వ్రాసినాడు.

ప్రకృతి మరల కట్టలేని దీనికి పరంజా యెత్తి యిచ్చుటయే పొరల ముద్రణ విద్య. ఆ పరంజానే వైద్యులు స్కాఫోల్డు అందురు. 2002లో షెర్వుడ్ బృందము ప్రకటించిన పని నాకు నేటికిని ఆదర్శప్రాయము. పలుచగా పరచిన పొడిపై ద్రావకబిందువులను రాల్చి, వరుసమీద వరుసగా అతికించుచు, మృదులాస్థికై పైభాగమును నూటికి 90 వంతులు బోలుగాను, ఎముకకై క్రిందిభాగమును కాల్షియం ఫాస్ఫేటు కలిపి 55 వంతులు బోలుగాను అచ్చువేసి, రెంటి నడుమ పదార్థమును, రంధ్రములను క్రమక్రమముగా మార్చుకొనుచు పోయిరి. నాటిన మృదులాస్థి కణములు పైభాగమునే ఎక్కువగా ఆశ్రయించినవట! ఆ క్రమపరివర్తనమే ఈ విద్యకు ప్రాణము.

2010లో కొలంబియా విశ్వవిద్యాలయమున జెరెమీ మావో బృందము, కణము లేవియు నాటకయే, వృద్ధికారకమును మాత్రము నింపిన ముద్రిత పరంజాను కుందేళ్ల భుజకీలున అమర్పగా, అవి మూడు నాలుగు వారములలో కాలుమోపి నడచినవి. అయినను నేను నెదర్లాండ్సులోని యుట్రెక్ట్ పక్షపాతిని, దాచుకొన నక్కరలేదు. అచట యోస్ మాల్డా సహచరులు కరగిన పాలిమరును విద్యుద్బలముచే తలవెండ్రుకకన్న సన్నని దారముగా సాగదీసి, ఆ జాలికను మెత్తని జెల్లులో పొదిగి, 2015లో దాని గట్టితనమును 54 రెట్లవరకు పెంచి చూపిరి. దారమును విడిగా చూచిన నీరసము, జెల్లును విడిగా చూచిన నీరసము; కూడినపుడు ఎంతటి బలము!

ఇట్టి విద్య యుండగా, రెండు జల్లెడముక్కలను జిగురుతో అతికించి "బహుస్తర నిర్మాణ"మని చాటుకొనువారిని తలచిన నా మనస్సు మండును. నడకలోని ఒరపిడికి మొదట ఊడునది ఆ అతుకే గదా! అంతకన్న ఘోరము, ఒక్క సూదిమందుతో మృదులాస్థి మొలచునను ప్రకటనలు. నే నెరిగిన యొక వృద్ధోపాధ్యాయురాలు అట్టి మాట నమ్మి పింఛను సొమ్మెల్ల ధారపోసి, నేటికిని గోడ పట్టుకొనియే నడచుచున్నది. ముద్రిత స్తరములు మనుష్యుల మోకాళ్లలో ఏండ్లతరబడి నిలుచుట యింకను రుజువు కావలసియే యున్నది. ఆ మాట దాచి అమ్ముట కళకును రోగికిని చేయు ద్రోహము.

యువ యంత్రవేత్తలారా, శస్త్రవైద్యులారా, మీరు అచ్చొత్తిన ముక్కను నాకు చూపదలచినపుడు పైపొర నునుపును చూపకుడు, అడుగుపొర గట్టితనమును చూపకుడు. ఆ రెంటి నడుమకు కత్తి దించి, కోసిన అంచును సూక్ష్మదర్శిని క్రింద పెట్టుడు.