అడుగులు చెరగక ముందే

పొదిలి, దర్శి, కనిగిరి వైపు నుంచి సముద్రానికి బయల్దేరే బండి తొమ్మిది గంటలకు గానీ కదలదు. పిల్లల తలలు దువ్వాలి, పులిహోర కలిపి డబ్బాలకెత్తాలి, చాపలూ తువ్వాళ్ళూ నీళ్ళ క్యాన్లూ ఎక్కించాలి. పొదిలి నుంచి ఒంగోలు సుమారు 50 కిలోమీటర్లు, అక్కణ్ణుంచి కొత్తపట్నం తీరం మరో 20 లోపే. అయినా దారిలో టీకి ఒకసారి, పండ్లకు ఒకసారి ఆగి, ఇసుకలో కాలు పెట్టేసరికి పదకొండు దాటుతుంది. అప్పటికి ఎండ నెత్తిమీద ఉంటుంది. ఇసుకంతా తొక్కిడి పడి ఉంటుంది. పిల్లలు నీళ్ళలోకి పరిగెడతారు, పెద్దవాళ్ళు నీడ వెతుక్కుంటారు, చీకటి పడకముందే అందరూ వెనక్కి తిరుగుతారు. కాకీ కుక్కా తప్ప ఏ ప్రాణీ కనపడలేదని ఎవరైనా అంటే అది నిజమే. ఆ వేళకు మిగిలేవి అవే.

అదే తీరం ఐదున్నరకు కిటకిటలాడుతుంటుంది, మనుషులతో కాదు.

మన కోస్తా తూర్పు ముఖంగా ఉంటుంది కాబట్టి సూర్యుడు నేరుగా నీళ్ళలోంచే పైకొస్తాడు. జనవరిలో ఆరున్నర దాటాక, మే నెలలో ఆరు కాకముందే. పొద్దున్నే లేచి వచ్చిన కొద్దిమంది కూడా ఆ బింబాన్ని ఫోనులో పట్టుకుని టీకొట్టు దగ్గరికి వెళ్ళిపోతారు. వాళ్ళు వీపు తిప్పిన వైపే అసలు సంగతి ఉంటుంది. ఏటవాలుగా పడే తొలి వెలుగులో ఇసుక మీది ప్రతి గీతకూ నీడ పడుతుంది. పిట్ట కాలి మూడు వేళ్ళు, ఎండ్రకాయ పక్కకు పరిగెత్తిన చుక్కల వరస, కొట్టుకొచ్చిన నాచు చుట్టూ నక్క తిరిగిన జాడ, అన్నీ చెక్కినట్టు కనపడతాయి. పొద్దెక్కితే నీడలు పోతాయి, జాడలు అక్కడే ఉన్నా కంటికి ఆనవు. ఎనిమిదింటికి గాలి లేస్తుంది, తర్వాత జనం వస్తారు. మొత్తం మీద చేతికి అందేది గంటన్నర.

ఈ చూపు పత్తి, మిరప పండించే ఊళ్ళవాళ్ళకు కొత్తగా నేర్పనక్కరలేదు. పొద్దున్నే చేనుకు పోయి లింగాకర్షక బుట్టలో ఎన్ని రెక్కల పురుగులు పడ్డాయో చూసేవాళ్ళు, మిరప పువ్వును అరచేతిలో తట్టి తామర పురుగు రాలుతుందేమోనని వెతికేవాళ్ళు, గట్టు మీద బురదలో గిట్టల గుర్తు చూసి రాత్రి అడవి పంది ఎటునుంచి వచ్చి ఎటు పోయిందో చెప్పేవాళ్ళు వీళ్ళు. 2021లో నల్ల తామర పురుగు మిరప తోటల మీద పడ్డప్పుడు పువ్వు లోపలికి చూడటం చిన్నపిల్లలకు కూడా అలవాటైంది. అదే కళ్ళు, అదే నిదానం, అదే వేళ సముద్రం దగ్గరా పనికొస్తాయి. సెలవు కదా అని వాటిని ఇంటి దగ్గర వదిలేసి రావడమే విచారకరం.

నడకకు ముందు తెలుసుకోవాల్సింది ఆటుపోట్ల సంగతి. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ప్రతి రోజూ అవి దాదాపు 50 నిమిషాలు వెనక్కి జరుగుతాయి. కాబట్టి ఈ రోజు ఐదున్నరకు నీళ్ళు బాగా లోపలికి తగ్గి ఉంటే, రేపు ఆరుంబావుకు గానీ తగ్గవు. మన తీరంలో పోటుకీ పాటుకీ తేడా సుమారు మీటరే. పౌర్ణమికీ అమావాస్యకీ ఆ తేడా పెరిగి ఎక్కువ ఇసుక బయటపడుతుంది. ఏ రోజుకు ఎన్నింటికో ఫోనులో దొరుకుతుంది, తీరంలో ఏ పడవ దగ్గర అడిగినా చెబుతారు. రాత్రి ఒంగోల్లోనో చీరాల్లోనో పడుకుంటే సుఖం. ఇంటి దగ్గర్నుంచే రావాలంటే మూడున్నరకు బండి తీయాలి. చేరాక దూరం నడవాలన్న ఆరాటం అక్కరలేదు. తడి ఇసుకా పొడి ఇసుకా కలిసే గీత పట్టుకుని, చెప్పులు చేత పట్టుకుని అర కిలోమీటరు వెళ్తే చాలు.

ముందు కనపడేవి ఎర్ర ఎండ్రకాయలు. బంగాళాఖాతం తీరంలో ఇసుక మీద మంకెన పూలు రాలినట్టు కనపడే గుంపు ఇవే. మనిషి అడుగు అదురు వాటికి దూరం నుంచే తెలుస్తుంది. యాభై అడుగుల అవతల ఉండగానే గుంపంతా బొరియల్లోకి మాయమవుతుంది. పిల్లలు నిరాశపడి ముందుకు లాగుతారు. అక్కడే ఆగాలి. "కదలమాకండ్రా, అవే వస్తయ్" అని ఓ నాయనమ్మ మనవళ్ళను కూర్చోబెట్టుకుంటే సరిపోతుంది. రెండు మూడు నిమిషాలకు ఒక బొరియ అంచున కాడల మీద నిలబడ్డ రెండు కళ్ళు లేస్తాయి. అవి అన్ని వైపులా చూడగలవు. తర్వాత ఒక పక్క కాళ్ళు బయటికొస్తాయి, ఒడిలో తడి ఇసుక ముద్ద ఉంటుంది. దాన్ని కొంచెం దూరం మోసి విసిరేసి, మళ్ళీ లోపలికి పోతుంది. ఇల్లు శుభ్రం చేసుకోవడం అన్నమాట. ఒక డెక్క పెద్దది, ఒకటి చిన్నది. ఎదురుపడ్డ పొరుగు ఎండ్రకాయకు పెద్ద డెక్క ఎత్తి చూపిస్తుంది, చాలాసార్లు పోట్లాట అక్కడితో తీరిపోతుంది.

ఇంకాస్త కిందికి, పాటు తీసి తేమగా ఉన్న చోట, కందిగింజంత ఎండ్రకాయలు వేరే పనిలో ఉంటాయి. ఇసుకను నోటిలోకి ఎత్తుకుని, రేణువులకు అంటిన కంటికి కనపడని నాచును తినేసి, మిగిలిన ఇసుకను గుండ్రటి ఉండగా చేసి పక్కన పెడతాయి. బొరియ నుంచి నాలుగు దిక్కులా ఉండల వరసలు పరుచుకుంటాయి. ఎవరో కూర్చుని తీరిగ్గా పెట్టిన ముగ్గనుకుంటారు పిల్లలు. పోటు ముంచుకొచ్చే ముందు అవి బొరియ మూసుకుని లోపల కూర్చుంటాయి, అల వచ్చి ఉండలన్నీ తుడిచేస్తుంది, మళ్ళీ పాటుకు మొదటి నుంచి మొదలు.

పక్షుల్లో చలికాలం అతిథులు ఎక్కువ. అల వెనక్కి పోగానే దాని వెంట పరిగెత్తి, అల తిరిగి రాగానే కాళ్ళు తడవకుండా వెనక్కి పరిగెత్తే తెల్లటి చిన్న ఉల్లంకులు ఉత్తర ధ్రువం దగ్గరి నేలల్లో గుడ్లు పెట్టి ఇక్కడికి వచ్చినవి. గోధుమ తల సముద్రపు కాకులు లడఖ్, టిబెట్ సరస్సుల నుంచి దిగుతాయి. అల వెనక్కి తీసిన ఆ రెండు మూడు క్షణాల్లో ఇసుకలో దూరిపోయే చిన్న ఆల్చిప్పలూ పురుగులూ పైన ఉంటాయి, అందుకే ఉల్లంకులకు ఆ పరుగు. పిల్లలు వాటిని తరిమి ఆడుకోవడం ఎక్కడ చూసినా కనపడుతుంది, పెద్దవాళ్ళు నవ్వి ఊరుకుంటారు. ఊరుకోకూడదు. వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చి, మళ్ళీ అంత దూరం పోవడానికి ఒంట్లో కొవ్వు కూడబెట్టుకుంటున్న పిట్టకు ప్రతి తరుముడూ నష్టమే.

ఇక తాబేలు సంగతి. కొత్తపట్నం, వాడరేవు, సూర్యలంక తీరాలకు మన కుటుంబాలు సంక్రాంతి సెలవులకు వస్తాయి, మాఘ పౌర్ణమి స్నానానికి వస్తాయి, శివరాత్రికి వస్తాయి. ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కుతాయి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా వాటి కాలం. ఒడిశాలోని గహిర్మాథ, రుషికుల్య తీరాల్లో లక్షల్లో ఒకేసారి వస్తాయి. మన తీరంలో అలా కాదు, ఈ రాత్రి ఒకటి ఇక్కడ, రేపు రాత్రి రెండు అక్కడ. అందుకే ఎవరి కంటా పడవు. వేలమంది మునకలు వేసిన చోటే, వాళ్ళు రావడానికి కొద్ది గంటల ముందు ఒక తల్లి వచ్చి పోయి ఉండొచ్చు.

దాని జాడ పట్టుకోవడం కష్టం కాదు. రెండు అడుగులకు పైగా వెడల్పు ఉన్న ఒక దారి నీళ్ళ నుంచి పైకి పోతుంది, ఇంకొకటి కిందికి దిగుతుంది. దారికి రెండు వైపులా ఈత రెక్కల గుర్తులు కుడి ఎడమలుగా ఒకదాని తర్వాత ఒకటి పడి ఉంటాయి, మధ్యలో ఒళ్ళు ఈడ్చిన చదును. రెండు దారులూ కలిసే చోట, పోటు అందని ఎత్తులో, బాలబందితీగ అల్లుకున్న ఇసుక దిబ్బ దగ్గర, నేల చెదిరి ఉంటే గూడు పెట్టినట్టు. వెనక రెక్కలతో అడుగున్నర లోతు గుంట తీసి, నూటికి అటూ ఇటుగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, ఒంటితో మోది గట్టిపరచి, గంటలోపే సముద్రంలోకి వెళ్ళిపోతుంది. మళ్ళీ ఆ గూటి మొహం చూడదు. 45 నుంచి 60 రోజులకు పిల్లలు వస్తాయి. అవి ఆడో మగో నిర్ణయించేది ఇసుక వేడి; వేడి ఎక్కువైతే ఆడవే ఎక్కువ. రాత్రిపూట బయటపడి, ఎటు వెలుతురు ఎక్కువ ఉంటే అటు పాకుతాయి. ఒకప్పుడు ఆ వెలుతురు సముద్రం మీదే ఉండేది. ఇప్పుడు రిసార్టుల లైట్లు ఒడ్డు వైపు ఉన్నాయి.

తాబేలు కోసం నడవడం మన పొరుగునే పుట్టిన అలవాటు. 1970లలో మద్రాసు తీరం వెంట రాత్రిళ్ళు నడిచి గూళ్ళు వెతకడం మొదలైంది. మొదటివాళ్ళలో ఒకరైన సతీశ్ భాస్కర్ తర్వాత దేశం తీరాల వెంబడి నాలుగు వేల కిలోమీటర్ల దాకా నడిచి తాబేళ్ళ లెక్క తీశారు. 1982 వానాకాలంలో లక్షద్వీప్‌లో మనుషులు లేని ఒక దీవిలో నెలల తరబడి ఒంటరిగా ఉండి గూళ్ళు లెక్కపెట్టారు. అక్కణ్ణుంచి భార్యకు ఉత్తరం రాసి సీసాలో పెట్టి సముద్రంలో వేస్తే అది శ్రీలంకలో ఒక జాలరికి దొరికింది, ఆయన దాన్ని ఆమెకు పంపించాడు. మద్రాసు విద్యార్థులు 1988 నుంచి ఆ రాత్రి నడకలను కొనసాగిస్తున్నారు. ఈ జీవులు ఎంత దూరం పోతాయో చెప్పడానికి ఒక్క సంగతి: 2021లో ఒడిశా తీరంలో నంబరు బిళ్ళ తగిలించిన ఒక తాబేలు 2025లో మహారాష్ట్ర రత్నగిరి జిల్లా గుహాగర్ తీరంలో గుడ్లు పెట్టింది. శ్రీలంకను చుట్టి వెళ్ళి ఉంటే ఆ దారి పొడవు దాదాపు 3,500 కిలోమీటర్లు.

తెల్లవారి నడకలో చనిపోయిన తాబేలు ఎదురవడం కూడా జరుగుతుంది, పిల్లలు వెంట ఉన్నప్పుడే జరుగుతుంది. వాళ్ళను దూరంగా లాక్కుపోవడం కంటే విషయం చెప్పడం మేలు. తాబేలు ఊపిరి కోసం పైకి రావాలి. ట్రాలరు వల గంటల తరబడి అడుగున లాగుతుంటే అందులో చిక్కుకున్నది ఊపిరాడక చచ్చిపోతుంది. 2025 జనవరిలో చెన్నై చుట్టుపక్కల తీరాలకు వెయ్యికి పైగా కళేబరాలు కొట్టుకొచ్చాయి. అదే నెలలో కాకినాడ తీరంలో మరణాల మీద మన ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ విచారణకు ఆదేశించారు. తాబేలు తప్పించుకుపోయే తలుపు ఉన్న వలలు ఎప్పుడో వచ్చాయి, వాడటమే తక్కువ. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉంది, కానీ గుడ్ల కాలం అప్పటికి చాలావరకు అయిపోతుంది. మన మత్స్యకారుల్లో చాలామంది తాబేలును కూర్మావతారంగా చూసి దణ్ణం పెట్టి వదిలేసేవాళ్ళే. తీరానికి దగ్గరగా వచ్చి గాలించే పెద్ద బోట్ల మీద వాళ్ళకూ చిరకాలంగా ఫిర్యాదు ఉంది. పడవ వాళ్ళను నిందించే ముందు ఈ రెండూ తెలిసి ఉండాలి.

పిల్లలు గవ్వలు ఏరుకోవడం గురించి ఒక మాట. ఖాళీ శంఖం అనుకున్నది ఖాళీ కాకపోవచ్చు. వెనక భాగం మెత్తగా ఉండే ఒక జాతి ఎండ్రకాయ ఆ శంఖాల్లోనే కాపురం పెడుతుంది, పెరిగే కొద్దీ పెద్ద ఇంటికి మారుతుంది. అరచేతిలో పెట్టుకుని నిమిషం ఆగితే కాళ్ళు బయట పెడుతుంది. సంచి నింపుకోకుండా ఒకటి రెండు విరిగిన చిప్పలతో సరిపెట్టుకోవడం మంచిది. నీళ్ళ విషయం ఇంకా గట్టిగా చెప్పాలి. ఈ తీరాల్లో సరదాగా దిగి కొట్టుకుపోయినవాళ్ళ వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. పొద్దున్నే కాపలా ఎవరూ ఉండరు, అందువల్ల ఆ వేళ నడకే తప్ప స్నానం వద్దు.

బాపట్ల తీరంలో సూర్యలంక, నిజాంపట్నం వైపు అటవీ శాఖ కంచె వేసిన గుడ్ల సంరక్షణ కేంద్రాలు నడుపుతోంది. స్థానిక మత్స్యకారులే కాపలాదారులుగా తెల్లవారక ముందే తీరం గాలించి, దొరికిన గుడ్లను అదే లోతులో ఆ కంచె లోపల పూడ్చి, పిల్లలు రాగానే సముద్రంలో వదులుతారు. వేసవి సెలవులు మొదలయ్యే రోజుల్లో వెళ్ళేవాళ్ళు ఎప్పుడు వదులుతారో అక్కడి సిబ్బందిని అడిగి చూడొచ్చు. గుడ్లు పెడుతున్న తాబేలే ఎదురైతే టార్చి, ఫోను లైటు ఆర్పేసి, దాని తల వైపుకు పోకుండా వెనకే దూరంగా ఉండాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జీవి అది, గుడ్డు తీయడమూ నేరమే. కొత్త గూడు కనిపిస్తే తవ్వి చూడకుండా అటవీ శాఖకు కబురు చేసి, మనిషి వచ్చేదాకా కుక్కలు దగ్గరికి రాకుండా అక్కడే నిలబడాలి.