గాలి రోజు లెక్కలు

టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసు జరిగే మూడు వారాల్లో "ఇవాళ ఎవరు గెలిచారు?" అని అడిగితే ఒక్క పేరుతో జవాబు చెప్పలేం. ఆ రోజు ముగింపు గీతను ముందు దాటినవాడు ఒకడు. మొదటి రోజు నుంచి ఇవాళ్టిదాకా పట్టిన సమయమంతా కలిపితే అందరికన్నా తక్కువ తేలేవాడు ఇంకొకడు. పసుపు జెర్సీ ఈ రెండోవాడిది. 1956లో రోజే వాల్కోవియాక్, 1990లో గ్రెగ్ లెమాండ్ ఒక్క స్టేజీ (ఒక రోజు పోటీ) కూడా గెలవకుండానే టూర్ గెలిచారు. 1989లో ఇదే లెమాండ్, మూడు వేల పైచిలుకు కిలోమీటర్లు తొక్కి, లోరాన్ ఫిన్యోన్‌ను ఓడించింది 8 సెకన్ల తేడాతో. అయినా కొత్తగా ఈ రేసు మీద మోజు పడ్డవాళ్లు కొండల రోజులు ఏరుకుని చూస్తారు. టూర్మలే, వాంటూ, ఆల్ప్ డ్యూయెజ్ ఉంటే టీవీ పెడతారు, చదును నేల స్టేజీ అయితే మర్నాడు ముఖ్యాంశాలతో సరిపెట్టుకుంటారు. అలా చూస్తే రేసులో సగం జారిపోతుందని నా వాదన. ఈ రేసు అభిమాని చేయాల్సిన పని కళ్లప్పగించి చూడటం కన్నా లెక్క చదవడం. ఆ లెక్కలో గట్టి పద్దులు కొన్ని, ఏమీ జరగలేదనిపించే రోజుల్లోనే పడతాయి.

అసలు ఈ రేసు పుట్టిందే చదివేవాళ్ల కోసం. 1903లో లోటో అనే క్రీడా దినపత్రిక, పోటీ పత్రిక ల వెలోను దెబ్బతీయడానికి దీన్ని మొదలుపెట్టింది. ఆలోచన కుర్ర విలేకరి జియో లెఫెవ్ర్‌ది, నడిపించింది సంపాదకుడు ఆన్రీ దెగ్రాంజ్. ఆరు స్టేజీలు, 2,428 కిలోమీటర్లు. 60 మంది బయల్దేరితే చివరిదాకా వచ్చినవాళ్లు 21 మందే. గెలిచిన మోరిస్ గారాన్‌కీ రెండోవాడికీ తేడా దాదాపు మూడు గంటలు. రేడియో లేదు, టీవీ లేదు. రోడ్డు పక్కన నిలబడ్డవాడికి దుమ్ము కొట్టుకుపోయిన ఒక మనిషి కనిపించి మాయమయ్యేవాడు. తక్కిన కథంతా మర్నాటి పేపర్లోనే. మన వారపత్రికల్లో సీరియల్ 'సశేషం' దగ్గర ఆపి పాఠకుణ్ణి వారం పాటు నిలబెట్టినట్టే, దెగ్రాంజ్ ఫ్రాన్స్ దేశాన్ని స్టేజీకీ స్టేజీకీ మధ్య నిలబెట్టాడు. మరుసటి ఏడాదికి ల వెలో మూతపడింది. ఇప్పటికీ రోడ్డు పక్క ప్రేక్షకుడికి దక్కేది ఆ కొన్ని క్షణాలే. కాబట్టి గుంటూరులోనో డాలస్‌లోనో ఫోన్లో ఫలితాల పట్టిక తెరిచే తెలుగు అభిమాని, అక్కడ నిలబడినవాడికన్నా ఏ విధంగానూ తక్కువవాడు కాడు.

ఆ పట్టికను చదవాలంటే రెండు సంగతులు తెలియాలి. ఒకటి గాలి. ముందువాడి చాటున తొక్కేవాడికి మూడో వంతు దాకా శక్తి మిగులుతుంది, అందుకే వందమందికి పైగా ఒకే గుంపుగా, పెలోటాన్‌గా కదులుతారు. రెండోది నియమం. గుంపులో కలిసి గీత దాటినవాళ్లందరికీ ఒకే సమయం వేస్తారు. అందువల్ల చదును రోజున నాయకుల మధ్య తేడా మామూలుగా సున్నా. కానీ గాలి పక్కనుంచి వీచిందా, చాటు ముందువాడి వెనక ఉండదు, ఏటవాలుగా పక్కకు జరుగుతుంది. సైక్లిస్టులు రోడ్డు వెడల్పు మేరకు వాలు వరుస కడతారు. ఆ వరుసలో చోటు కొద్దిమందికే. చోటు దొరకనివాడు రోడ్డు అంచున గాలికి ఎదురొడ్డుతూ కాసేపు లాగి, ఒక చక్రం దూరం వెనకబడతాడు. అంతే, తాడు తెగినట్టే. ఆ చక్రం దూరం కాసేపట్లో నిమిషమవుతుంది. 2013లో సాన్ తమాన్ మోన్‌రోన్‌కి వెళ్లే దారిలో చెప్పుకోదగ్గ కొండ లేదు. అప్పటికి రెండో స్థానంలో ఉన్న అలెహాంద్రో వాల్వెర్దే చక్రం చెడి ఆగాడు. తిరిగి ఎక్కేసరికి గాలి, ఎదుటి జట్లు కలిసి అతన్ని దాదాపు పది నిమిషాలు వెనక్కి నెట్టేశాయి.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. ఎన్ని చెప్పినా టూర్ తేలేది కొండల్లో, టైమ్ ట్రయల్స్‌లో (ఒక్కొక్కరే విడిగా గడియారంతో పోటీపడే స్టేజీల్లో) కదా అంటారు. 2020నే సాక్ష్యంగా చూపిస్తారు. ఇరవయ్యో స్టేజీ, ప్లాన్ష్ దే బెల్ ఫీయ్ కొండ మీదికి ఎక్కే టైమ్ ట్రయల్. ప్రీమోష్ రోగ్లిచ్ 57 సెకన్ల ఆధిక్యంతో బయల్దేరాడు. తదేయ్ పొగచార్ ఆ ఒక్క రోజే అతని మీద 1 నిమిషం 56 సెకన్లు సంపాదించి 59 సెకన్లతో టూర్ ఎగరేసుకుపోయాడు. నిజమే. కానీ ఆ 57 సెకన్లు ఎక్కణ్ణుంచి వచ్చాయి? రెండు వారాల కిందట, లావోర్‌కు వెళ్లిన ఏడో స్టేజీలో, పక్కగాలికి గుంపు చీలి పొగచార్ 1 నిమిషం 21 సెకన్లు పోగొట్టుకున్నాడు. ఆ రోజు ముందు గుంపులో ఉంటే, కేవలం కూడికల ప్రకారం, టైమ్ ట్రయల్‌కు ముందే పసుపు జెర్సీ అతని మీద ఉండేది. కూడికలే అంతా కావు, ఒప్పుకుంటాను. సమయం పోగొట్టుకున్నాడు కాబట్టే మర్నాడు పేర్‌సూర్ద్ కొండ మీద దూసుకుపోతుంటే తక్కినవాళ్లు వెంటపడకుండా వదిలేశారేమో. అదైనా లావోర్ ప్రభావమే. ఆ రోజు చూడనివాడికి చివరి శనివారపు టైమ్ ట్రయల్ ఓ అద్భుతంలా కనిపిస్తుంది, చూసినవాడికి బాకీ వసూలులా కనిపిస్తుంది.

అయిదేసి గంటలు పొద్దుతిరుగుడు పొలాలూ పాత కోటలూ చూస్తూ కూర్చోవాలా అంటే, అక్కర్లేదు. గాలి ఏ దిక్కునుంచో, రోడ్డు ఎక్కడ మలుపు తిరుగుతుందో చూసుకుని ఆ గంట చూస్తే చాలు. తక్కినది పట్టిక చెబుతుంది.

ఉత్ప్రేరక మందుల మాట వేరు. లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఏడు టైటిళ్లను 2012లో రద్దు చేశారు, వాటిని వేరెవరికీ ఇవ్వలేదు. ఆ ఏడేళ్ల లెక్కలో తల భాగమే ఖాళీ. ఇలాంటి లెక్కను చదివి ఏం లాభమన్న ప్రశ్నకు పూర్తి జవాబు లేదు. అయితే మందుల అనుమానం ముందు మసిబార్చేది కళ్లు చెదిరే దృశ్యాన్నే. 2006 చూడండి. పదమూడో స్టేజీలో, మోంతెలిమార్ దారిలో, ఆస్కార్ పెరైరో మరి కొందరితో కలిసి ముందుకు పోయాడు. అప్పటికే అరగంట దాకా వెనకబడినవాడు కదా అని నాయకుడు ఫ్లాయిడ్ లాండిస్ జట్టు తరమలేదు. గుంపు తీరిగ్గా అరగంట ఆలస్యంగా వచ్చింది, పసుపు జెర్సీ పెరైరోకు పోయింది. అయిదు రోజుల తర్వాత లాండిస్ ఆల్ప్స్‌లో ఒంటరిగా విజృంభించి మోర్జీన్‌లో గెలిచాడు. ఆ ఏడాది అందరూ చెప్పుకున్నది ఆ రోజు గురించే. పరీక్షలో టెస్టోస్టిరాన్ బయటపడింది కూడా ఆ రోజు నమూనాలోనే. మరుసటి ఏడాది లాండిస్ పేరు తీసేసి టూర్‌ను పెరైరోకు ఇచ్చారు. మోంతెలిమార్ దారిలో దొరికిన అరగంట లేకపోతే ఆ పేరు పట్టికలో పైన ఎక్కడా ఉండేది కాదు.