ఆంగ్లంలో అకర్తృక మూల్యాంకన వాక్యాలు – తెలుగు విమర్శ వచనంలో వాటి ప్రతిరూపాలు

ఉపోద్ఘాతం

ఒక విషయాన్ని చెప్పడం వేరు, ఆ విషయానికి విలువ కట్టడం వేరు. ఈ రెండో పనికి ఆంగ్లంలో రెండు వాక్యరూపాలు విరివిగా ఉపయోగపడతాయి. 'ఇట్ ఈజ్ అన్‌ఫార్చునేట్ దట్ ద మాన్యుస్క్రిప్ట్ వాజ్ లాస్ట్' అనేది మొదటిది. 'అన్‌ఫార్చునేట్లీ, ద మాన్యుస్క్రిప్ట్ వాజ్ లాస్ట్' అనేది రెండోది. మొదటిదానిలో విశేషణం ప్రధానవాక్యపు ఆఖ్యాతంలో భాగం. రెండోదానిలో క్రియావిశేషణం వాక్యమంతటికీ విశేషణమవుతుంది. విలువ కట్టినవారెవరో రెండింటిలోనూ కనిపించదు. మొదటిదానిలోని 'ఇట్' వ్యాకరణరీత్యా కర్తే గాని అర్థంలో ఎవరినీ, దేనినీ సూచించదు.

తెలుగు అనువాదాల్లోనూ, ఆంగ్ల విమర్శ ప్రభావంతో రూపొందిన తెలుగు విమర్శ వచనంలోనూ ఈ రెండు రూపాలకు తరచు 'దురదృష్టవశాత్తు ఆ ప్రతి నశించింది' అనే ఒకే వాక్యం ప్రతిరూపంగా నిలుస్తుంది. ఈ ఏకీకరణ వల్ల ఆంగ్లంలోని భేదం లోపించడమే కాక, మూలంలో లేని కార్యకారణ సంబంధం ఒకటి తెలుగు వాక్యంలోకి వస్తుందని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

రెండు రూపాలు, రెండు పనులు

క్వర్క్, గ్రీన్‌బామ్, లీచ్, స్వార్ట్‌విక్‌లు 1985లో ప్రకటించిన సమగ్ర ఆంగ్ల వ్యాకరణం 'అన్‌ఫార్చునేట్లీ' వంటి పదాలను డిస్‌జంక్టులుగా వర్గీకరించింది. అవి వాక్యనిర్మాణంలో కలిసిపోకుండా పక్కన నిలిచి వ్యాఖ్యానిస్తాయి. వాటిలో 'ప్రాబబ్లీ' వంటివి విషయపు సత్యాసత్యాలపై, 'అన్‌ఫార్చునేట్లీ' వంటివి విషయపు మంచిచెడ్డలపై వ్యాఖ్యలు. 'ఇట్' వాక్యాలను ఇదే వ్యాకరణం ఉపవాక్యాన్ని వాక్యాంతానికి జరపడంగా వివరించింది. ఆంగ్లంలో కర్తృస్థానం ఖాళీగా ఉండరాదు కాబట్టి, బరువైన ఉపవాక్యం చివరికి జరిగినప్పుడు దాని చోటును 'ఇట్' భర్తీ చేస్తుంది.

ఈ రెండు రూపాలు పర్యాయాలు కావని నిషేధం ద్వారా తేలుతుంది. 'ఇట్ ఈజ్ నాట్ అన్‌ఫార్చునేట్ దట్...' అన్నప్పుడు విలువకట్టడాన్ని తోసిపుచ్చవచ్చు, ప్రతి నశించిన విషయం మాత్రం అలాగే నిలుస్తుంది. క్రియావిశేషణ రూపంలో, 'నాట్ సర్‌ప్రైజింగ్లీ' వంటి కొన్ని నుడికారాలు మినహా, ఈ వీలు లేదు. 'అన్‌ఫార్చునేట్లీ' వాక్యం విని ఎదుటివారు 'కాదు' అంటే, ప్రతి నశించలేదన్నట్టే అర్థమవుతుంది. నశించడం దురదృష్టం కాదన్న అర్థం రాదు. అంటే విశేషణ రూపం తీర్పును చర్చకు పెడుతుంది. క్రియావిశేషణ రూపం తీర్పును చర్చకు అందకుండా పక్కన నిలుపుతుంది. విమర్శకుడికి ఇది చిన్న భేదం కాదు.

ఒక రూపం మరొకదాని నుంచి పుట్టిందనడానికీ వీలులేదని 'హోప్‌ఫుల్లీ' నిరూపిస్తుంది. వాక్యవిశేషణంగా దీని వాడుకను 1960ల నుంచి శుద్ధవాదులు తీవ్రంగా ఆక్షేపించారు. అమెరికన్ వార్తాసంస్థ అసోసియేటెడ్ ప్రెస్ శైలీగ్రంథం 2012లో దాన్ని అంగీకరించింది. దీనికి తుల్యంగా 'ఇట్ ఈజ్ హోప్‌ఫుల్ దట్' అనే వాక్యం ఆంగ్లంలో నిలదొక్కుకోలేదు. 'ఇట్ ఈజ్ టు బి హోప్డ్ దట్' అనవలసిందే. తెలుగులో 'ఆశాజనకంగా వానలు పడతాయి' అంటే వానలు పడే తీరు మాత్రమే స్ఫురిస్తుంది. 'వానలు పడతాయని ఆశిద్దాం' అన్నప్పుడు ఆశించేవారెవరో క్రియాప్రత్యయమే చెబుతుంది. ఆంగ్లం దాచినదాన్ని తెలుగు క్రియ బయటపెడుతుంది.

సిద్ధవిషయం, అసిద్ధవిషయం

పాల్ కిపార్‌స్కీ, కరోల్ కిపార్‌స్కీలు 1970లో ప్రకటించిన 'ఫ్యాక్ట్' అనే వ్యాసం 'ఇట్' వాక్యాల్లోని విశేషణాలను రెండుగా విభజించింది. 'ఆడ్', 'ట్రాజిక్', 'సిగ్నిఫికెంట్' వంటివి ఉపవాక్య విషయాన్ని సిద్ధంగా భావిస్తాయి. 'లైక్లీ', 'పాసిబుల్', 'ట్రూ' వంటివి అలా భావించవు. మొదటి వర్గపు వాక్యాన్ని నిషేధించినా ప్రశ్నగా మార్చినా లోపలి విషయానికి భంగం లేదు.

తెలుగులో ఈ భేదం మరో మార్గంలో వ్యక్తమవుతుంది. చేకూరి రామారావు 'తెలుగు వాక్యం' (1975)లో చర్చించిన నామ్నీకరణం ఇక్కడ కీలకం. 'అతడు రావడం విచారకరం' అన్నప్పుడు రాక సిద్ధవిషయం. 'అతడు రావడం మంచిది' అన్నప్పుడు మాత్రం అతడింకా రాలేదు, వస్తే మేలన్న సలహా అది. వచ్చిన తరవాత అనవలసినది 'అతడు రావడం మంచిదైంది' అని. 'రావడం' అనే రూపంలో కాలసూచన లేదు కాబట్టి ఆ భారమంతా ఆఖ్యాతంపై పడుతుంది. ఆంగ్లంలోని 'ఇట్ ఈజ్ గుడ్ దట్ హి కేమ్' అనే వాక్యాన్ని 'అతడు రావడం మంచిది' అని అనువదిస్తే, జరిగిన విషయం జరగవలసిన విషయంగా మారుతుంది.

వ్యక్తిపై తీర్పు, వ్యక్తికి మేలు

'ఇట్ వాజ్ గుడ్ ఆఫ్ హర్ టు కమ్' అన్నప్పుడు ఆమె గుణంపై తీర్పు ఉంది. 'ఇట్ ఈజ్ గుడ్ ఫర్ హర్ టు కమ్' అన్నప్పుడు ఆమెకు కలిగే మేలు ఉంది. ఆంగ్లంలో ఒక్క విభక్తి స్థానీయ పదంతో తేలే ఈ భేదం తెలుగులోనూ చక్కగా కుదురుతుంది. రెండోదానికి చతుర్థి చాలు: 'రావడం ఆమెకు మంచిది'. మొదటిదానికి గుణవాచకం కావాలి: 'రావడం ఆమె మంచితనం'. ఇక్కడ తెలుగుకు కొరత లేదు. క్రియావిశేషణ రూపంలోనే చిక్కు వస్తుంది. 'ఫూలిష్లీ, హి ఆన్సర్డ్' అంటే సమాధానం చెప్పడమే అవివేకం. 'హి ఆన్సర్డ్ ఫూలిష్లీ' అంటే చెప్పిన తీరు అవివేకం. పదస్థానం ఆంగ్లంలో చేసే ఈ పనిని తెలుగు 'గా' ప్రత్యయం చేయలేదు. 'అవివేకంగా అతడు సమాధానం చెప్పాడు' అని పదాన్ని ముందుకు జరిపినా తీరే ముందుగా స్ఫురిస్తుంది. 'సమాధానం చెప్పడం అతడి అవివేకం' అంటే సందేహం తొలగుతుంది.

'వశాత్తు' తెచ్చిన కారణం

'దురదృష్టవశాత్తు' అనే పదంలోని 'వశాత్తు' సంస్కృత పంచమీ విభక్త్యంతం నుంచి వచ్చి, హేత్వర్థాన్ని తెలుపుతుంది. 'అన్‌ఫార్చునేట్లీ' జరిగినదానిపై వక్త వ్యాఖ్య. 'దురదృష్టవశాత్తు' జరిగినదానికి హేతువు. వాడుకలో ఈ హేత్వర్థం అరిగిపోయిందని, పాఠకులు దాన్ని గమనించరని ఒక ఆక్షేపణ రావచ్చు. అయితే 'ప్రమాదవశాత్తు కాలువలో పడ్డాడు', 'పొరపాటువశాత్తు సంతకం చేశాడు' వంటి వాక్యాలు నేటికీ హేతువునే చెబుతున్నాయి. ప్రత్యయార్థం సజీవంగా ఉన్నంతకాలం 'దురదృష్టవశాత్తు'లో మాత్రం అది చచ్చిపోయిందనడం కష్టం.

సాహిత్యచరిత్ర రచనలో దీని ఫలితం స్పష్టం. ఒక ప్రతి 'దురదృష్టవశాత్తు నశించింది' అన్నప్పుడు చెదలు, తేమ, నిర్లక్ష్యం వంటి నిజమైన కారణాల స్థానాన్ని విధి ఆక్రమిస్తుంది. దీనికి మరో వైపూ ఉంది. సి.పి. బ్రౌన్ 19వ శతాబ్దిలో కడపలో పండితులను నియమించి, సొంత డబ్బు వెచ్చించి, తాళపత్ర ప్రతులకు శుద్ధప్రతులు రాయించాడు. ఆ ప్రతులు 'అదృష్టవశాత్తు మిగిలాయి' అంటే పాఠాలు పోల్చి, ఒక్కొక్క పద్యమూ ఎత్తి రాసిన పండితుల శ్రమ వాక్యం నుంచి తొలగిపోతుంది. 'ఆ ప్రతులు మిగలడం మన అదృష్టం' అన్నప్పుడు ఈ దోషం లేదు. అక్కడ అదృష్టం ఫలితానికి కట్టిన విలువ, ఫలితానికి కారణం కాదు. పైగా 'మన' అనడంతో ఆ అదృష్టం ఎవరిదో కూడా తెలుస్తుంది.

వాక్యం పక్కన నిలిచి విలువ కట్టే పదాలు తెలుగుకు కొత్త కావు. 'పాపం, ఆయన రాలేకపోయారు', 'ఇంకా నయం, వాన తగ్గాక బయలుదేరారు' వంటి మాటలు నిత్యవ్యవహారంలోనివే. 'పాపం' ఏ కారణాన్నీ చెప్పదు. వక్త జాలిని మాత్రమే చెబుతుంది. శాస్త్రవచనంలో ఈ పదాలు ఒదగకపోవచ్చు గాని, కారణాన్ని కల్పించకుండా వ్యాఖ్యానించే స్థానం తెలుగు వాక్యంలో ఉందనడానికి ఇవి చాలిన సాక్ష్యం.

తీర్పరి లేని తీర్పు

హాలిడే తన ప్రయోజనాత్మక వ్యాకరణంలో (1985) 'ఐ థింక్' అనే రూపాన్ని వ్యక్తిగతంగా, 'ఇట్ ఈజ్ లైక్లీ' అనే రూపాన్ని వస్తుగతంగా కనిపించేవిగా విడదీశాడు. రెండూ వక్త అంచనాలే. రెండోదానిలో ఆ అంచనా విషయపు సహజధర్మంలా కనిపిస్తుంది. తెలుగు విమర్శలో 'కావడం గమనార్హం', 'కావడం విశేషం' అనే ముగింపులది ఇదే పని. ఇక్కడ తెలుగు వాక్యక్రమం మరో సౌకర్యం కల్పిస్తోంది. ఆంగ్లంలో తీర్పు ముందు, విషయం తరవాత. తెలుగులో విషయం ముందు, తీర్పు చివర. పాఠకుడు విషయాన్ని అంగీకరించిన తరవాత తీర్పు వినిపిస్తుంది. అక్కడితో పేరా ముగిస్తే ఆ తీర్పుకు ఉపపత్తి అడిగే చోటు మిగలదు. ఎందుకు గమనార్హమో చెప్పే వాక్యం తరవాత వస్తేనే అది విమర్శ అవుతుంది.

ముగింపు

పై పరిశీలనను బట్టి కొన్ని నిర్ధారణలు చేయవచ్చు. ఆంగ్లంలోని విశేషణ, క్రియావిశేషణ రూపాలు పర్యాయాలు కావు. మొదటిదాని తీర్పును ఖండించవచ్చు, రెండోదాన్ని నేరుగా ఖండించలేం. మొదటిదానికి నామ్నీకరణంతో కూడిన వాక్యం తెలుగులో సహజమైన ప్రతిరూపం, ఆఖ్యాతపు కాలాన్ని సరిచూసుకోవడం మాత్రం అవసరం. రెండోదానికి 'గా', 'వశాత్తు' ప్రత్యయాలను యాంత్రికంగా వాడితే తీరుగానో కారణంగానో అర్థం మారే ప్రమాదముంది. అటువంటి చోట వ్యాఖ్యను విడివాక్యంగా చెప్పడం మేలు. ప్రతి నశించిందని ఒక వాక్యంలో చెప్పి, అది ఎవరికి నష్టమో, ఎందువల్ల జరిగిందో తరవాతి వాక్యంలో చెప్పే విమర్శకుడు ఒక పదాన్ని కోల్పోవచ్చు గాని, బాధ్యతను వదులుకోడు.