ఐజాక్ మార్కోసన్ వ్యాపార పాత్రికేయం – ఒక విమర్శనాత్మక పరిశీలన

కెంటకీలోని లూయీవిల్‌లో జన్మించిన ఐజాక్ మార్కోసన్ (1876–1961) అక్కడి స్థానిక పత్రికలోనే పని నేర్చి, అనంతరం ‘సాటర్డే ఈవెనింగ్ పోస్ట్’ ద్వారా వ్యాపార, విదేశాంగ విలేఖరిగా ప్రసిద్ధికెక్కారు. లాయిడ్ జార్జ్, ట్రాట్‌స్కీ, సన్ యట్‌సేన్ వంటివారితో జరిపిన ముఖాముఖీలు ఆ కీర్తికి మూలం. అంతటివారి తలుపులు తెరిపించడం సామాన్యమైన నేర్పు కాదు. అయితే లోనికి వెళ్ళినవాడు ఏమి అడగకుండా వచ్చాడన్నదే పరిశీలించవలసిన అంశం.

1921 నాటి ‘యాన్ ఆఫ్రికన్ అడ్వెంచర్’ ఇందుకు నిదర్శనం. బెల్జియన్ కాంగోలో అమెరికన్ పెట్టుబడితో నడిచిన వజ్రపు గనులను ఆయన స్వదేశీయుల సాహసగాథగా చిత్రించారు. 1908లో కాంగో లియొపోల్డ్ రాజు చేజారడానికి కారణమైన రబ్బరు దౌర్జన్యాలు అప్పటికింకా పాతకథ కాలేదు. అయినా ఆ గ్రంథంలో గని నడిపేవాని కంఠం వినిపించినంతగా తవ్వేవాని కంఠం వినిపించదు.

విచిత్రమేమంటే, మాంసపు కర్మాగారాల కార్మికుల దుర్భర జీవితాన్ని చిత్రించిన అప్టన్ సింక్లెయిర్ నవల ‘ది జంగిల్’కు 1906లో ప్రచురణ సంస్థ పక్షాన ప్రచారం చేసినవారూ ఈయనే. అర్ధశతాబ్దం తరువాత, 1957లో, రాగి గనుల కంపెనీ చరిత్రగా ‘అనకొండ’ రచించారు. దీనిని పతనమనడం తేలిక. కాని నాడు పుస్తకానికి, పిదప కంపెనీకి ఆయన చేసిన పని ఒక్కటే: సరుకును ఆకర్షణీయంగా ప్రజల ముందుంచడం.