నీలి చుక్క చెప్పని దారి

పోయిన సంక్రాంతికి మా ఆర్మూర్ సిద్ధుల గుట్ట మీద అక్క పిల్లల కోసం ఒక చిన్న స్టీలు డబ్బా దాచాను. అందులో ఒక పసుపు కొమ్ము, నాలుగు చాక్లెట్లు, దొరికినవాళ్ళు పేరు రాసుకోవడానికి మడతపెట్టిన కాగితం. పిల్లల చేతికి ఫోనిచ్చి, అక్షాంశ రేఖాంశాలు చెప్పి, వెతకమన్నాను.

ఈ ఆట నేను ఇంగ్లండులో నేర్చుకున్నది. అక్కడ ప్రాజెక్టు పని మీద ఉన్న రెండేళ్ళూ ఆదివారం వచ్చిందంటే ఊళ్ళ బయట కాలిబాటల్లో తిరిగేవాణ్ణి. పొలాల మధ్య నుంచి ఎవరైనా నడవగలిగే హక్కుదారులు అక్కడ చాలా ఉన్నాయి. ఏ కంచె పక్కనో, ఏ చెట్టు తొర్రలోనో ఒక డబ్బా ఉంటుంది, ఫోను అక్కడిదాకా తీసుకుపోతుంది. దీన్ని జియోకాషింగ్ అంటారు. 2000 మే మొదట్లో అమెరికా ప్రభుత్వం సాధారణ పౌరులకు అందే జీపీఎస్ సంకేతాల్లో తానే కావాలని కలిపిన తప్పును తీసేసింది. అది జరిగిన వెంటనే, మే 3న, డేవ్ ఉల్మర్ అనే ఆయన ఓరెగాన్ రాష్ట్రంలో ఒక బకెట్టు దాచి, దాని స్థానం నలుగురికీ చెప్పాడు. ఆట అలా మొదలైంది.

సిద్ధుల గుట్ట మీద మాత్రం ఆట సాగలేదు. ఆరుబయట ఫోను సుమారు 5 మీటర్ల తేడాతో మన చోటు చెప్పగలదు. మా గుట్ట అంతా నల్లటి బండలు, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. సంకేతం బండకు తగిలి తిరిగి వస్తే ఫోను దూరం తప్పుగా లెక్కేసుకుంటుంది. నీలి చుక్క ఈ బండ మీంచి ఆ బండ మీదికి గెంతుతోంది. అరగంట చూసి మేనకోడలు విసుక్కుంది: "మామా, ఫోను సంగతి ఇడిసిపెట్టు. ఆడ ఏముంటదో చెప్పు."

చెప్పాను. మెట్ల దారిలో పోతుంటే కుడి పక్క కూర్చున్న ఎనుగు లెక్క ఒక బండ, దాని కింద నీడ, నీడలో ఎండుగడ్డి. రెండు నిమిషాల్లో డబ్బా దొరికింది.

ఆ రాత్రి ఇంట్లో ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర' మళ్ళీ తెరిచాను. అంతకుముందు చదివినప్పుడు సగంలో వదిలేసిన పుస్తకం. వీరాస్వామయ్య మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీ. 1830 మే 18న వందమందికి తక్కువ కాని పరివారంతో బయలుదేరి, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ వెళ్ళి, గయ, జగన్నాథం చూసుకుని, సముద్రం ఒడ్డున ఉన్న మన ఊళ్ళ గుండా 1831 సెప్టెంబరు 3న మద్రాసు చేరాడు. దారిలో కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళకు రాసి పంపినవే 1838లో పుస్తకమయ్యాయి. 1941లో దిగవల్లి వేంకట శివరావు దాన్ని మళ్ళీ పరిష్కరించి తెచ్చారు.

మొదటిసారి నన్ను విసిగించింది ఏమిటంటే, ప్రతి మజిలీకీ ఒకే వరస. ఎన్ని గంటలకు బయలుదేరారు, ఎంత దూరం నడిచారు, దారి రాయా ఇసకా రేగడా, ఊళ్ళో అంగళ్ళున్నాయా, నీళ్ళెక్కడ, దిగడానికి చోటుందా. ఊరి తర్వాత ఊరు, అదే పట్టిక. ఈసారి చదువుతుంటే అది పట్టికలా కాక, నా తర్వాత వచ్చేవాడి కోసం రాసిపెట్టిన కబురులా అనిపించింది. ఈ పుస్తకం పట్టుకుని బయలుదేరినవాడికి రేపు పొద్దున ఎక్కడ వంట చేసుకోవాలో తెలుస్తుంది. నీలి చుక్క 'నువ్వెక్కడున్నావు' అన్న ప్రశ్నకే జవాబిస్తుంది. వీరాస్వామయ్య 'అక్కడ ఏముంది' అన్నదానికి జవాబిస్తాడు. పుస్తకంలోని వచనం బలమంతా ఇక్కడే ఉందని నా అభిప్రాయం. పండితుల తెలుగు రాజ్యమేలుతున్న రోజుల్లో, మాట్లాడే భాషకు ఇంత దగ్గరగా రాయడానికి కారణం కూడా ఇదే కావచ్చు. దారి చెప్పేటప్పుడు ఎవరూ సమాసాలు కట్టరు కదా.

అయితే ఇది పాతకాలాన్ని మెచ్చుకుని ఊరుకోవాల్సిన పుస్తకం కాదు. ఆమడ అన్ని చోట్లా ఒక్కటి కాదు, అతని దూరాలను ఈనాటి పటం మీద పెడితే ఎక్కడెక్కడో తేడా వస్తుంది. కొలత విషయంలో ఉపగ్రహమే గెలుస్తుంది, అందులో వాదన లేదు. అసలు లోటు మరొకటి. రచయిత పల్లకీలో ఉన్నాడు. రాయి తగిలింది, ఇసకలో దిగబడింది బోయీల కాళ్ళు. దారి ఎలా ఉందో వాళ్ళకే బాగా తెలుసు, కానీ ఆ తెలిసినదంతా అతని కలం గుండానే మనదాకా వచ్చింది. ఏ బోయీ ఆ పదిహేను నెలల గురించి తన మాటల్లో ఏం చెప్పేవాడో మనకు దక్కలేదు. చాలాకాలం తర్వాత ఆదినారాయణ గారి 'భ్రమణకాంక్ష' చదివినప్పుడు నాకు కలిగిన ఊరట ఇందుకే: అక్కడ నడిచిన కాళ్ళూ రాసిన చెయ్యీ ఒక్కరివే.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, పండగ తర్వాత వారం పసుపు తవ్వకం నడుస్తోంది. ఉడకబెట్టే కడాయి కోసం బాపు నన్ను ఇంకొకరి చేను కాడికి పంపాడు. ఫోనులో చోటు పెట్టుకుని పోయాను. అది దగ్గరి దారని చూపించి, వంతెన లేని కాలువ గట్టు మీద నిలబెట్టింది. అవతల వంద గజాల్లో చేను కనబడుతూనే ఉంది. బాపుకు ఫోను చేశాను.

"మైసమ్మ చింత కాడికి మర్లి రా బిడ్డా. ఆడికెళ్లి పాత మోట బాయి. బాయి దాటినంక ఎవల్ని అడిగినా చెప్తరు."

పటంలో మైసమ్మ చింత లేదు. మోట బాయి పూడిపోయి చాలా ఏళ్ళయింది. అయినా ఆ మాటల్ని పట్టుకుని పోతే చేను దొరికింది. రికార్డుల్లో మా భూములకు సర్వే నంబర్లున్నాయి. బాపు నోట్లో ఒక్కో మడికి ఒక్కో పేరుంది. ఆయన మోకాళ్ళు ఇప్పుడు గట్టు ఎక్కనివ్వడం లేదు. ఆ పేర్లు ఆయనకూ, ఆయన ఈడువాళ్ళు ఇంకో నలుగురికీ తప్ప ఎవరికీ రావు. నాకే సగం రావు.

అందుకే ఈ పుస్తకాన్ని నాలాంటివాళ్ళు, ఊరొదిలి కంప్యూటర్ల ముందు కూర్చున్నవాళ్ళు, చదవాలంటాను. భక్తి కోసమో చరిత్ర కోసమో చదివితే చదవండి. నేను మాత్రం ఒక పద్ధతి కోసం చదివాను. నోటుబుక్కు కొని బాపు పక్కన కూర్చుని, వీరాస్వామయ్య వరసలోనే రాయడం మొదలుపెట్టాను: మడి పేరు, ఆ పేరు ఎందుకొచ్చింది, నీళ్ళెటు నుంచి వస్తాయి, నేల ఎర్రదా నల్లదా, పక్క మడి ఎవరిది. ఇప్పటికి పదకొండు మళ్ళయ్యాయి. ఒక్క జాగ్రత్త తీసుకుంటున్నాను. బాపు చెప్పింది బాపు మాటల్లోనే రాస్తున్నాను, నా భాషలోకి దిద్దడం లేదు. పల్లకీలో నేను కూర్చుని, మోసింది ఆయన కాకూడదు.